మా అత్త చేతిలో పచ్చ తాబేలు గుడ్లు

మా ఊళ్లో కోడిని పొదగేయాలంటే మా అత్త చెయ్యి పడాల్సిందే. కాపురానికి వచ్చిన మొదటి నెలలోనే నాకీ సంగతి తెలిసిపోయింది. పొద్దున్నే ఎవరో ఒకరు కొంగులో గుడ్లు మూటగట్టుకుని మా గుమ్మంలో నిలబడేవాళ్లు. "అప్పా, ఓపాలి వచ్చి నీ సేత్తో పెట్టేసి ఎలిపో" అనేవాళ్లు. అత్త చేపల గంప దించి, చేతులు కడుక్కుని వెళ్లేది. పాత బుట్టలో అడుగున ఇసుక, పైన గడ్డి పరిచేది. ఒక్కొక్క గుడ్డునీ ఎండకి పెట్టి చూసి, పనికిరానిది పక్కన పెట్టేసేది. మిగిలినవి బేసిగా లెక్కపెట్టి పేర్చేది. ఉరుములకి గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనుప ముక్క, ఒక బొగ్గు, రెండు ఎండుమిరపకాయలు వాటి మధ్య దోపేది. ఆమె పెట్టిన గుడ్డు మురగదని ఊరంతా నమ్మకం. అలా పెట్టినందుకు ఎవరి దగ్గరా ఏమీ తీసుకునేది కాదు. పిల్లలు లేచాక వచ్చి చెప్తే చాలు, ఆ పూటంతా ఆమె మొహం వెలిగిపోయేది.

మామయ్య నేను రాకముందే సముద్రంలో పోయాడు. మా ఆయన్ని పెంచింది అత్తే, గంప నెత్తిన పెట్టుకుని ఎచ్చెర్ల చుట్టుపక్కల ఊళ్లన్నీ తిరిగి. అంత తిరిగినా ఆమెకి తనదని చెప్పుకునేది ఒక్కటే, ఆ హస్తవాసి.

నాది విజయనగరం. మా నాన్నకి అక్కడ చేపల కొట్టు ఉండేది. ఎచ్చెర్ల యూనివర్సిటీలో జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదివాను. కోపం నా ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ పెళ్లిచూపుల్లోనే చెప్పేసింది, తర్వాత ఎవరూ మాట అనకుండా. పెళ్లయ్యాక తాబేళ్ల గుడ్లు కాపాడే ఒక చిన్న సంస్థలో పని దొరికింది. ప్రభుత్వ అనుమతి ఉన్న పనే. చలికాలం చివర్లో తాబేళ్లు ఒడ్డుకొచ్చి గుడ్లు పెట్టి వెళ్లిపోతాయి. కుక్కలూ నక్కలూ తవ్వేయకముందే వాటిని తెచ్చి, వల కట్టిన హేచరీలో మళ్లీ ఇసుకలో పాతిపెట్టాలి. పిల్లలు లేచాక సముద్రంలోకి వదలాలి.

"ఇంత సదువు సదివి గుడ్లకి కాపలా ఏటే? ఆ మాత్రానికి ఎచ్చెర్ల ఎందుకు, నా దగ్గరకొస్తే నానే నేర్పుదును గదా!" అని అత్త నవ్వేది. నాకు ఒళ్లు మండేది. ఆ నవ్వులో ఎగతాళి ఎంతుందో, కోడలు తన పనే చేస్తోందన్న మురిపెం కూడా అంతే ఉందని అప్పుడు నాకు తట్టలేదు.

మా తీరానికి వచ్చేవి దాదాపు అన్నీ చిన్న రకం తాబేళ్లు, బూడిద కలిసిన ఆకుపచ్చ రంగు డిప్పతో ఉంటాయి. వీటి కంటే బాగా పెద్దది పచ్చ తాబేలు. పేరుకి పచ్చదే గానీ డిప్ప గోధుమ రంగులోనే ఉంటుంది, లోపలి కొవ్వు పచ్చగా ఉంటుందని ఆ పేరు. చిన్నప్పుడు దొరికిందల్లా తింటుంది, పెద్దయ్యాక మాత్రం లోతు తక్కువ నీళ్లలో సముద్రపు గడ్డి మేస్తూ ఆవులా బతుకుతుంది. గడ్డి ఒకచోట, గుడ్లు ఇంకోచోట. మధ్యలో వందల మైళ్లు ఈదుతుంది. పాతికేళ్లకో ముప్ఫై ఏళ్లకో ఈడుకొచ్చాక, తాను ఏ ఒడ్డున పుట్టిందో ఆ ఒడ్డుకే గుడ్లు పెట్టడానికి వెతుక్కుంటూ వస్తుంది. దాన్ని నేను పుస్తకాల్లోనే చూశాను. మా ఒడ్డున చూశానని చెప్పినవాళ్లు ఎవరూ లేరు.

ఇదంతా ఒకరోజు చేపలు శుభ్రం చేస్తూ అత్తకి చెప్పాను. ఆమె కత్తిపీట ముందు నుంచి తలెత్తి విని, "అయితే పురిటికి పుట్టింటికి వస్తాదన్నమాట" అంది. నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"మరి బిడ్డల్ని ఎవరు సూస్తారు?"

"ఎవరూ చూడరు. గుడ్లు పెట్టి కప్పేసి సముద్రంలోకి వెళ్లిపోతుంది. మళ్లీ వెనక్కి చూడదు."

"పాపం, దానికి వీలుకాదేటో" అని ఒక్క మాట అని మళ్లీ చేప పొలుసు తీయడంలో పడింది.

ఆ ఏడు శివరాత్రి వెళ్లిన రెండు మూడు రోజులకి, తెల్లవారుతుండగా ఒడ్డున నడుస్తుంటే ఇసుకలో ఒక జాడ కనిపించింది. చిన్న తాబేలు నడిస్తే కుడి ఎడమలు ఒకదాని తర్వాత ఒకటి పడతాయి. ఈ జాడలో రెండు వైపులా గుర్తులు ఒకే వరసలో, జతలుగా పడి ఉన్నాయి. రెండు రెక్కలూ ఒకేసారి వేసి ఒళ్లు ముందుకు ఈడ్చుకున్న నడక. వెడల్పు నా బార కంటే కొంచెం తక్కువ. పైన గొయ్యి నేను కూర్చుంటే మునిగేంత ఉంది. పచ్చ తాబేలు! మా ఊరి ఒడ్డున!

ఇక్కడ నేనేం చేశానో దాచకుండా రాయాలి. గుడ్లు పెట్టిన రెండు మూడు గంటల్లోపు కదిపేయాలని నాకు తెలుసు. ఆ తర్వాత లోపలి పిండం పైకి తేలి పెంకు లోపలి పొరకి అతుక్కుంటుంది. అప్పుడు గుడ్డు తిరగబడినా, కుదుపు తగిలినా ఆ లేత ప్రాణం తెగిపోతుంది. పరీక్షలో ఈ ప్రశ్నకి రెండు పేజీల జవాబు రాసినదాన్ని నేను. అయినా ఆ రోజు నాకు కావలసింది ఫోటో. వెలుగు చాలదని ఎండ వచ్చేదాకా ఆగాను. టేపు పెట్టి కొలిచాను. మనుషులు మూగితే వాళ్లకి రెక్కల నడక గురించి పాఠం చెప్పాను. నా మాట అబద్ధమని ఎవరూ అనకూడదని పంతం. గుడ్లు తీయడం మొదలుపెట్టేసరికి పది కావస్తోంది. అవి పెట్టింది అర్ధరాత్రి దాటాక ఎప్పుడో. ఎండ ఎక్కుతోందన్న కంగారులో ఏ వైపు పైకి ఉందో చూడకుండా బకెట్లో వేసేశాను. బకెట్ ఒళ్లో పెట్టుకుని మా ఆయన బండి వెనక కూర్చున్నాను. ఆ కంకర రోడ్డు మీద ప్రతి గోతికీ గుడ్లు ఒకదానికొకటి తగలడం నా తొడలకి తెలిసింది. ఏం కాదులే అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

మొత్తం నూట పదమూడు. లెక్క వినగానే అత్త, "బేసి! మంచిదే" అంది.

ఆ రోజు నుంచి ఆమె ఎగతాళి ఆగిపోయింది. సాయంత్రం గంప దింపగానే హేచరీకి వచ్చేది. వల దగ్గర గొంతుక్కూర్చుని, "లోపల ఏటి సేస్తన్నాయో" అనేది. ఇసుక వేడిగా ఉంటే ఆడపిల్లలు, చల్లగా ఉంటే మగపిల్లలు అవుతాయని చెప్తే ఎంత ఆశ్చర్యపోయిందో! ఇసుక మీద అరచెయ్యి పెట్టి చూసి, "ఆడపిల్లలే ఎక్కువ పుడతారే" అని తీర్పు చెప్పింది. పచ్చ తాబేలు పిల్లకి పొట్ట తెల్లగా ఉంటుందనీ, అలాంటి పిల్లలు లేస్తే తప్ప ఆ జాడ దానిదేనని గట్టిగా చెప్పలేమనీ చెప్పాను. మా ఊరికి పేరొస్తుందని చెప్పాను. అన్నీ చెప్పాను. కదపకూడదన్న ఒక్క మాటే చెప్పలేదు. ఇసుకలో పాతిపెట్టినదాన్ని ఎవరైనా తీస్తారని నాకు తోస్తే కదా.

ఇరవయ్యో రోజున విజయనగరం నుంచి ఫోను వచ్చింది, మా అమ్మకి కంటి ఆపరేషన్ అని. నాలుగు రోజులు వెళ్లాలి. హేచరీ తాళం అత్త చేతిలో పెట్టి, "కుక్కలు రాకుండా చూడు చాలు" అన్నాను. "నువ్వెల్లు, నా సొంత బిడ్డల్లా సూసుకుంటాను" అంది. అలాగే చూసుకుంది.

తిరిగొచ్చింది మధ్యాహ్నం. ఉగాది ఇంకా రాలేదు, అప్పుడే ముందురోజు ఉరుములు ఉరిమి నాలుగు చినుకులు పడ్డాయట. బస్సు దిగి ఇంటికైనా వెళ్లకుండా హేచరీకి వెళ్లాను. తలుపు తీసి ఉంది. అత్త మోకాళ్ల మీద కూర్చుని ఉంది. గూడు పైన ఇసుక తోడేసి ఉంది. పక్కన తెల్లటి గుడ్డ పరిచి ఉంది. మామయ్య పెళ్లికి కట్టుకున్న పొందూరు పంచె అది, పెట్టెలో దాచుకున్నది, సగానికి చింపింది. ఒక్కొక్క గుడ్డూ బయటికి తీసి, ఆ మెత్తటి గుడ్డతో తుడిచి, తిప్పి, మళ్లీ లోపల పెడుతోంది. గుడ్ల మధ్య ఇనుప ముక్క, బొగ్గు, ఎండుమిరపకాయలు.

"ఏటత్తా, ఏటి సేస్తన్నావు?"

"ఒచ్చీసావా పిల్లా! మీ యమ్మకి కన్ను బాగున్నాదా?" అంది, నవ్వుతూ. "రోజూ ఓపాలి తిప్పుతన్నాను. కోడైతే ముక్కుతో తిప్పుకుంటాది. ఈటికి అమ్మ నేదు గదా, మరెవరు తిప్పుతారు? ఇది దాని పుట్టిల్లంటివి. పుట్టింటోళ్లం మనం సూసుకోవద్దా?"

కోడి తన గుడ్డుని రోజూ తిప్పకపోతే పిల్ల పెంకుకి అంటుకుపోయి చస్తుంది. తాబేలు గుడ్డుని తిప్పితే, అంటుకుని ఉండాల్సిన పిల్ల తెగి చస్తుంది. ఈ తేడా రెండు మాటల్లో చెప్పొచ్చు. ఆ రోజు నేను చెప్పింది ఆ రెండు మాటలు కాదు.

"సంపీసావత్తా! అన్నిటినీ నీ సేతుల్తోనే సంపీసావు! కోళ్లనుకున్నావా ఇయ్యి? నీ హస్తవాసి తగలెయ్యా!"

పక్కన కవ్వళ్ల చేపలు ఎండబెడుతున్న ఆడవాళ్లు లేచి నిలబడ్డారు. నేను ఆగలేదు. ఇసుకలో కూలబడి, నేల కొడుతూ అరిచాను. ఊరికి రావలసిన పేరు పోయిందన్నాను. ఏమీ తెలియనివాళ్లు ఎందుకు వేలు పెట్టాలన్నాను. అత్త చేతిలో ఒక గుడ్డు ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియక, పంచె మీద పెట్టబోయి, మళ్లీ చేతిలోకే తీసుకుంది.

"నాకు తెల్దే పిల్లా" అంది. తర్వాత చాలా చిన్నగా, "మరి సెప్పనేదేటే?" అని అడిగింది.

ఆ మాటకి ఇంకా గట్టిగా అరిచాను. కాలు జారితే తీసుకోవచ్చు గానీ నోరు జారితే తీసుకోలేమంటారు. నాది జారడం కాదు, ఎత్తి కొట్టడం.

గూడు మళ్లీ కప్పాను. అరవై రోజులు చూశాను. అరవై అయిదు చూశాను. రోజూ పొద్దున్నే ఇసుక మీద చెయ్యి పెట్టి, కింద ఏమైనా కదులుతోందా అని ఊపిరి బిగబట్టేదాన్ని. ఒకటి రెండైనా బతికి ఉంటే అత్తతో మాట్లాడదామనుకున్నాను. పక్క గూళ్లలో చిన్నరకం పిల్లలు బిలబిలమని లేచి, సముద్రంలోకి పోయాయి. ఆ గూడు మాత్రం పైన ఇసుక కూడా కుంగలేదు. అత్త హేచరీ వైపు రావడం మానేసింది. ఇంట్లో నాకు అన్నం పెట్టేది, మాట్లాడేది, ఏమీ జరగనట్టే ఉండేది. గరిట పట్టుకునేటప్పుడు, బిందె ఎత్తేటప్పుడు తన చేతుల వైపు తనే ఒకసారి చూసుకునేది.

డెబ్బయ్యో రోజున గూడు తవ్వాలని నిర్ణయించాం. ఎచ్చెర్లలో నాకు పాఠం చెప్పిన మాస్టారు రిటైరై శ్రీకాకుళంలో ఉంటున్నారు. పిలిస్తే ఆయన బస్సులో వచ్చారు. చెట్టునీడన తట్ట పెట్టుకుని ఒక్కో గుడ్డూ చీల్చి చూశారు. పది చూశారు, ఇరవై చూశారు. నేను వాసనకి కొంగు అడ్డం పెట్టుకుని, ఎదిగీ ఎదగని పిల్లల కోసం చూస్తున్నాను. ఇరవై రోజుల పిండానికి నల్లటి కన్ను స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కదానిలోనూ కన్ను లేదు. కొన్నిటి లోపలి పొర మీద ఎండిపోయిన రవ్వంత నెత్తుటి గుర్తు ఉంది, అంతే.

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎన్నింటికి కదిపావమ్మా వీటిని?" అని అడిగారు.

చెప్పాను. ఫోటోల సంగతీ చెప్పాను, బండి సంగతీ చెప్పాను. ఆయన నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

"ఇవి మొదటి రోజో రెండో రోజో ఆగిపోయాయి. మీ అత్తగారు తిప్పేనాటికి వీటిలో తిప్పడానికి ఏమీ లేదు" అన్నారు.

ఆ మాటే ఒక కాగితం మీద తెలుగులో రాసి, సంతకం పెట్టి ఇచ్చారు, సంస్థ వాళ్ల దగ్గర ఉండాలని. నకలు నా దగ్గర ఉంచుకున్నాను. అవి పచ్చ తాబేలు గుడ్లేనా అని అడిగితే, గుడ్డు పెద్దదిగానే ఉంది గానీ పిల్ల లేకుండా ఆ మాట తాను రాయలేనన్నారు. ఆయన్ని బస్సెక్కించి ఇంటికొచ్చి, ఆ కాగితాన్ని పెట్టెలో చీరల కింద పెట్టేశాను. అత్త పెరట్లో గిన్నెలు తోముతోంది. "ఏటన్నాడే మీ మేస్టారు?" అని అడిగింది.

"ఏం లేదు, పాడైపోయాయన్నారు" అన్నాను.

చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఆ నిమిషం నాకు రెండేళ్లు దొరకలేదు. ఊరందరి ముందు తిట్టినదాన్ని, ఊరందరి ముందు తప్పు నాదని ఒప్పుకోవాలి కదా. రేపు చెప్దాం, పండగ వెళ్లాక చెప్దాం అనుకుంటూ నెట్టుకొచ్చాను. నేను ఇంత పిరికిదాన్నని నాకు అంతకుముందు తెలియదు. సిగ్గుతో రాస్తున్నాను.

ఈలోగా అత్త కోళ్లన్నీ అమ్మేసింది. ఒక పెట్ట అప్పటికే పొదుగులో ఉంటే, గుడ్లతో సహా పక్కింటికి ఇచ్చేసింది. కొంగులో గుడ్లతో వచ్చినవాళ్లకి, "నా సెయ్యి మంచిది కాదమ్మా, ఇంకెవర్నయినా సూసుకోండి" అని చెప్పేది. మొదట్లో బతిమాలారు. తర్వాత రావడం మానేశారు. మరుసటి ఏడు హేచరీలో పిల్లలు లేచిన రోజున, "రా అత్తా, చూద్దువుగాని" అని పిలిచాను. "నా నీడ పడ్డం ఎందుకే ఆటి మీద" అంది, గంప సర్దుకుంటూ.

మొన్న ఒక రోజు, పొద్దున తొమ్మిదవుతుండగా, కొత్తగా కాపురానికొచ్చిన ఒక పిల్ల మా గుమ్మంలోకి వచ్చింది. ఊరి కథ ఆ పిల్లకి తెలియదు. పదకొండు గుడ్లు తెచ్చింది. "పిన్నీ, నీ సెయ్యి మంచిదని మా మావ సెప్పినాడు" అంది. అత్త మొహంలో ఒక్క క్షణం ఏదో మెరిసింది, నేను చూశాను. చెయ్యి ముందుకు చాచింది కూడా. అంతలోనే వెనక్కి తీసుకుని, కొంగుకి తుడుచుకుంది, అంటకూడనిదేదో అంటుకున్నట్టు. "నాను పెట్టకూడదు తల్లీ" అని పంపేసింది.

ఇక నావల్ల కాలేదు. పెట్టె తీసి కాగితం తెచ్చి ఆమె ముందు కూర్చున్నాను. "అత్తా, ఆ గుడ్లు నువ్వు సంపలేదు. నాను సంపినాను" అన్నాను. అన్నీ చెప్పాను. పదింటిదాకా ఆగడం, ఎండ, బకెట్, కంకర రోడ్డు, మాస్టారు అన్న మాట. రెండేళ్లు ఎందుకు చెప్పలేదో కూడా చెప్పాను. ఏడుస్తూనే చెప్పాను. ఆమె అంతసేపూ నా వీపు నిమురుతూ వింది.

"నీకు నోటికెంత కోపమో, మనసుకంత జాలే" అంది చివరికి. "నన్ను ఓదార్సడానికి నీ మీదేసుకుంటన్నావు."

"కాదత్తా, ఇదిగో మాస్టారు రాసిన కాగితం. సంతకం కూడా ఉన్నాది."

అత్తకి చదువు రాదు. కాగితం చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, అక్షరాల మీద వేలు పెట్టి చూసింది. "సదువు" అని నాకిచ్చింది. చదివాను. రెండుసార్లు చదివాను. ఆమె శ్రద్ధగా విని తల ఊపింది. తర్వాత కాగితం మడత పెట్టి నా ఒళ్లో పెట్టింది.

"ఇది నువ్వు సదివినావు గదా. నాకోసం నువ్వు ఏటైనా సదువుతావు."

"పోనీ మీ అబ్బాయి చేత చదివించుకో."

"ఆడు నువ్వు సెప్పిందే సదువుతాడు" అని నవ్వింది. లేచి, చేతులు కడుక్కుని, గంప నెత్తికెత్తుకుని వెళ్లిపోయింది.

రెండుసార్లు చదివినా ఆమె నా మాట నమ్మలేదు. ఆ రోజు ఇసుకలో కూర్చుని అరిచినప్పుడు మాత్రం, ఒక్కసారి చెప్తేనే నమ్మేసింది.